ప్రెసిడెంటు గారింటికి వెళ్ళిన రోజు

కాలు మళ్ళీ ఖాళీనే తొక్కింది. బ్రేకు ఉండాల్సిన చోట బ్రేకు లేదు, రబ్బరు చాప ఉంది, దాని మీద చెప్పు టప్పుమంది, కాలు సిగ్గుపడ్డట్టు వెనక్కి వచ్చేసింది. ఇంతా చేసి ఎదురుగా ఏమీ లేదు. ఒక కొంగ రోడ్డు దాటింది, అదీ ఎగురుతూ. ఏళ్ళ తరబడి ఎడమ సీట్లో కూర్చుని ఊళ్ళో సగం మందికి డ్రైవింగ్ నేర్పిన కాలు అది. స్కూలు కార్లో ఆ సీటు కింద టీచరుకి విడిగా ఒక బ్రేకు ఉంటుంది. పక్కనున్న మనిషి కంగారుపడి తొక్కాల్సింది మానేసి తొక్కకూడనిది తొక్కితే ఆమె నొక్కుతుంది, బండి ఆగుతుంది, ప్రాణాలు దక్కుతాయి, ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ ఏమీ జరగనట్టు "మళ్ళీ స్టార్ట్ చెయ్యండి" అంటుంది. ఇది ఇంటి కారు. ఇందులో ఆ రెండో బ్రేకు లేదు. ఆ సంగతి తలకి తెలుసు, కాలికి ఎవరూ చెప్పలేదు. ఇవాళ చెప్పాల్సిన వాటిలో అదొకటి అనుకుంది టీచరమ్మ, అనుకుని ఎండకి కళ్ళు మూసుకుంది. మూసుకుంటే చీకటి రెండు వైపులా సమానంగా ఉంటుంది. అదొక్కటే సుఖం.

కారు మెల్లగా పోతోంది. ఎంత మెల్లగా అంటే గట్టు మీద గడ్డిపూల రంగులు విడివిడిగా లెక్కకొస్తున్నాయి, పొలంలో మనిషి నడుం ఎత్తి చూసి, గుర్తుపట్టడానికి ప్రయత్నించి, కాదనుకుని మళ్ళీ వంగడానికి కూడా టైం సరిపోతోంది.

"ఒరేయ్ తమ్ముడూ," అంది వెనక సీట్లోంచి వదిన, "ఆ నల్లగొర్రె మనకంటే ముందు బయల్దేరిందంటావా?"

"ముందే బయల్దేరి ఉంటుందిలే అక్కా."

"ఇందాక మన వెనక చూశాను దాన్ని."

వదిన టీచరమ్మ మొగుడికి అక్క, ఉండేదీ వీళ్ళింట్లోనే. ఒళ్ళో నారింజ తొక్కలు, తలకింద మడతపెట్టిన దుప్పటి, ఒక ముక్క మాట్లాడి రెండు ఊళ్ళ దూరం నిద్రపోవడం ఆవిడ పద్ధతి. స్టీరింగ్ ముందు ఆయన ఫొటో స్టూడియోలో కూర్చున్నట్టు నిటారుగా కూర్చున్నాడు. నీళ్ళ పంపుహౌస్‌లో మోటార్ల మధ్య బతికిన మనిషి. కళ్ళతో కంటే చెవులతో నడుపుతున్నాడు. ఇంజను గొంతు కాస్త బరువెక్కగానే గేరు తగ్గిస్తున్నాడు, తేలికపడగానే పెంచుతున్నాడు, మీటరు వైపు చూడటమే లేదు. ఇంతకాలం ఈ మనిషి పనికి బస్సులో వెళ్ళాడు. పెళ్ళాం డ్రైవింగ్ స్కూలు నడుపుతుంటే మొగుడికి కారు రాదని ఊరంతా నవ్వుకుంది, పెరటి చెట్టు మందుకి పనికిరాదన్నారు, ఆయనా నవ్వాడు, నవ్వి బస్సెక్కాడు. ఆ బస్సు వెనకద్దంలోంచి చెయ్యి ఊపుతూ ఉండేవాడు ఆమె కారు కనబడితే. ఎర్ర బస్సా, నీలం బస్సా అది. నీలం. కాదు, తర్వాత నీలం వేశారు.

"నాకెప్పుడు నేర్పుతావ్?" అని ఆయన అడిగినప్పుడల్లా ఆమె ఒకటే జవాబు చెప్పేది. "ప్రెసిడెంటు గారింటికి వెళ్ళినప్పుడు."

అది వాళ్ళింటి మాట. పెళ్ళయిన కొత్తలో ఆయన ఇచ్చిన మొదటి వాగ్దానం దేశపు మొదటి ప్రెసిడెంటు పుట్టిన ఇల్లు చూపిస్తానని. బడి పుస్తకంలో బొమ్మ ఉండేది, పసుపు గోడలు, పొడుగాటి వసారా, వసారాలో ఖాళీ కుర్చీ, వెనక నది. పదవి అయిపోయాక పెద్దాయన మళ్ళీ ఆ ఇంటికే వచ్చి ఆ కుర్చీలోనే కూర్చునేవాడని బొమ్మ కింద రాసి ఉండేది. ఆమె చిన్నప్పుడు ఆ కుర్చీలో ఎవరెవరినో కూర్చోబెట్టి చూసుకునేది. వెళ్దామన్న మొదటిసారి వాన, రెండోసారి మోటారు కాలి ఆయనకి డ్యూటీ, మూడోసారి అమ్మాయి కడుపులో ఉంది, ఆ తర్వాత లెక్కపెట్టడం మానేశారు. అమ్మాయికి మాటలొచ్చేసరికి ఆ ఇంట్లో "ప్రెసిడెంటు గారింటికి వెళ్ళినప్పుడు" అంటే ఎప్పటికీ కాదని అర్థం స్థిరపడిపోయింది. కుక్కపిల్లని ఎప్పుడు కొంటారు? ప్రెసిడెంటు గారింటికి వెళ్ళినప్పుడు. వంటింటికి సున్నం ఎప్పుడు? అప్పుడే. పెద్దయ్యాక అదే అమ్మాయి గది సర్దమంటే తలుపు చాటునుంచి ఆ మాటే విసిరేది, పెళ్ళెప్పుడే అంటే ఆ మాటే విసిరి, విసిరిన నెలలోనే చేసుకుంది, అదొక్కటే ఆ మాట దెబ్బతిన్న సందర్భం. ఆ పెళ్ళిలో కూడా ఎవరో అడిగారు, మరి వెళ్ళొచ్చారా అని. నవ్వులు. పూలు. ఎడం పక్కన నిలబడ్డ పెళ్ళికొడుకు తల్లి ఆమెకి అప్పుడు పూర్తిగా కనబడేది, చెవి పోగులతో సహా.

ఇప్పుడైతే సగమే కనబడేది.

తలుపు చెదపట్టినట్టు అన్నాడు కళ్ళ డాక్టరు. అంచునుంచి మొదలవుతుందమ్మా, మధ్యలో గట్టిగానే ఉంటుంది, అందుకే తెలీదు. ఎడమవైపు అంచు. పోయింది రాదు, మిగిలింది చుక్కలమందుతో నిలబెడదాం. కారు మాత్రం వద్దు, నేర్పడం అసలే వద్దు. ఆమె తలూపింది, ఫీజు కట్టింది, బయటికొచ్చి స్కూలు కారెక్కి ఇంటికి నడుపుకొచ్చింది. మధ్యలో ఉన్నదంతా కనబడుతూనే ఉంది కదా. రోడ్డు, లైట్లు, ముందు లారీ వెనక రాసిన తిక్క కవిత్వం, అన్నీ. తల కాస్త ఎక్కువ తిప్పితే సరిపోతుంది. మెడపట్టిందని చెప్పుకోవచ్చు. చెప్పుకుంది. అలా గడిచిపోయేది, మందుల షాపు అమ్మాయి లేకపోతే.

ఆ అమ్మాయికి అది ఆఖరి క్లాసు. బేకరీ ముందు సందులో పోతున్నారు, టీచరమ్మ ఏదో చెబుతోంది, అద్దాల గురించే కాబోలు, అద్దం అబద్ధం చెప్పదు కానీ అంతా చెప్పదు అనే తన పాత జోకు, అది పూర్తికాకుండానే కారు కీచుమంటూ ఆగింది. ఎడం పక్క రెండు బండ్ల మధ్యనుంచి వచ్చిన ఒక పసివాడు, చేతిలో బన్నుతో, బంపరు ముందు నిలబడి వీళ్ళ వైపే చూస్తున్నాడు. బ్రేకు వేసింది స్టూడెంటు. "సారీ టీచర్, గట్టిగా తొక్కేశానా?" అంది అమ్మాయి. టీచరమ్మ "పర్లేదు" అంది. తన కాలి వైపు చూసుకుంది. కాలు కదల్లేదు. ఖాళీని తొక్కే ఈ కాలు, కొంగకి కంగారుపడే ఈ కాలు, ఆ రోజు బ్రేకు మీదే ఉండి, నిమ్మళంగా, కదల్లేదు. పసివాడు బన్ను కొరుక్కుంటూ వెళ్ళిపోయాడు. ఆ బన్ను మీద చక్కెర మెరుస్తోంది ఇంకా, ఇదిగో ఈ ఎండలో, ఈ గాజు మీద.

సోమవారం కొత్త స్టూడెంటు వస్తుంది. బడిలో లెక్కలు చెప్పే ఆవిడ, ముందే నవ్వేసే రకం, స్టీరింగంటే భయమట. సోమవారం లోపల చెప్పాలి. చెబితే స్కూలు మూయాలి, బోర్డు దింపాలి, టీచరమ్మ అనే పేరు ఎవరికో పోతుంది, తను వట్టి పంపుహౌస్ ఆయన భార్య అయిపోతుంది. చెప్పకపోతే సోమవారం ఆవిడని ఆ సందులోంచే తీసుకెళ్ళాలి. ఒక సాయంత్రం ఆయన గిన్నెలు తుడుస్తూ, "నాకేమైనా చెప్పాలా నువ్వు?" అన్నాడు, ఊరికే అన్నట్టు. ఆమె కూడా ఊరికే అన్నట్టు, "ప్రెసిడెంటు గారింటికి వెళ్ళినప్పుడు చెప్తాలెండి" అంది. ఆయన నవ్వలేదు. ఆ గిన్నెని ఇంకాస్త తుడిచాడు.

ఇవాళ పొద్దున టీ గ్లాసు పక్కన డ్రైవింగ్ లైసెన్సు పెట్టాడు, కొత్తది, ఫొటోలో బిక్కమొహం. "వెళ్దాం పద. ప్రెసిడెంటు గారింటికి." ఎప్పుడు నేర్చుకున్నారంటే నేర్చుకున్నాలే అన్నాడు. ఎవరి దగ్గరంటే, ఉన్నార్లే అన్నాడు. వదిన అప్పటికే సంచీ సర్ది గుమ్మంలో కూర్చుని ఉంది, ఉడకబెట్టిన గుడ్లు, నారింజలు, ఫ్లాస్కు, అంటే ఆవిడకి ముందే తెలుసు. పంపుహౌస్‌లో షిఫ్టు మారిందని ఈమధ్య ఆయన సాయంత్రాలు ఆలస్యంగా వస్తున్నాడు. చొక్కాకి నిమ్మవాసన వస్తోంది. నూనెవాసన రావాల్సిన చొక్కాకి నిమ్మవాసన. ఆమె అడగలేదు. తనొకటి దాచుకుని ఇంకొకరిని ఏం అడుగుతుంది, దొంగకి దొంగ కాపలా.

"ఎడం పక్క పొద్దుతిరుగుడు తోట," అన్నాడు ఆయన. "అబ్బ, అన్నీ అటు తిరిగి ఉన్నాయి. మనకి వీపులే."

ఆమె తల తిప్పింది. పసుపు. ఇంత పసుపు ఉందా ఇక్కడ, ఇప్పటిదాకా ఉందా, ఎప్పట్నుంచి పక్కన నడుస్తోందో. పువ్వుల వీపులు ఆకుపచ్చగా, వెంట్రుకలు లేచి, పిల్లల మెడల్లా ఉన్నాయి. అమ్మాయి మెడ అలాగే ఉండేది తలంటాక.

"ఎడం పక్క ఇటుకబట్టీ. పొగ నిలువుగా పోతోంది, గాలి లేదు." కాసేపటికి, "ఎడం పక్క చెరువు, బాతులు. ఒకటి తలకిందులుగా ఉంది, తోకే కనబడుతోంది." మాట్లాడితే ముత్యాలు రాలతాయనుకునే మనిషి, మూడు ముక్కల్లో రోజు గడిపేవాడు, ఇవాళ రేడియోలా పలుకుతున్నాడు. కారొచ్చిన ఉత్సాహం అనుకుంది ఆమె. కొత్తగా నేర్చుకున్నవాళ్ళందరూ అంతే, మొదటి నెల లోకమంతా వాళ్ళు కొనుక్కున్నట్టే ఉంటుంది. ఆయన గొంతు ఇంజను గొంతుతో కలిసిపోతోంది, బాతులు, పొగ, తాటాకు పందిరి, సైకిలు మీద ముసలాయన, అవన్నీ ఆయన అన్నాకే పుడుతున్నట్టున్నాయి, ఆయన పేరు పెట్టి పిలిస్తే ఆ బూడిదరంగు అంచులోంచి బయటికి వచ్చి నిలబడుతున్నాయి. ఆమె కూడా ఎప్పుడో పెళ్ళిచూపుల్లో అలాగే పిలిస్తే వచ్చి నిలబడింది. ఆయన ఏం మాట్లాడలేదు అప్పుడు. ఇంట్లో కుళాయి కారుతోందని లేచి వెళ్ళి బిగించి వచ్చాడు. చేతులు తడి.

రైలు గేటు పడింది. ఆయన క్లచ్చు, బ్రేకు, న్యూట్రలు, హ్యాండ్ బ్రేకు, అన్నీ వరసగా వేసి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. బాగా వేశాడు. మరీ బాగా. వెనక వదిన గురక చిన్నగా, గేటు గంట చిన్నగా. పట్టాలు రోడ్డు దాటి, మలుపు తిరిగి, కుడివైపు పొలాల వెంట పోతున్నాయి. రైలొచ్చింది. వచ్చి దాటి, కుడి కిటికీ నిండా, ఆయన ముక్కు వెనకనుంచి, ఆయన చెవి వెనకనుంచి, పెట్టెలు పెట్టెలుగా పోయింది. తలుపు దగ్గర కూర్చుని కాళ్ళూపుకుంటున్న మనిషి, కిటికీలో పసిపిల్ల అరచెయ్యి, ఆఖరి పెట్టె వెనక రెపరెపలాడే ఎర్రజెండా. అంత పెద్ద రైలు. ఆయన దాని గురించి ఒక్క మాట అనలేదు.

"ఎడం పక్క," అన్నాడు గేటు లేస్తుండగా, "ఒకామె జామకాయల బుట్టతో వస్తోంది. చూసి పోనిస్తా."

ఆమె జామకాయల వైపు తిరగలేదు. ఆయన్నే చూస్తూ ఉండిపోయింది. పొద్దున్నుంచీ ఇన్ని చెప్పాడు, కుడిపక్కది ఒక్కటి చెప్పలేదు. కుడిపక్క కొండ వచ్చింది, గాలిమర వచ్చింది, గుర్రపుబండి వచ్చింది, ఇప్పుడు ఏకంగా రైలే వచ్చింది. ఈయన తనకి కనబడేది చెప్పడం లేదు. నాకు కనబడనిది చెబుతున్నాడు.

గేటు పూర్తిగా లేచింది. ఆయన గేరు వేసి, క్లచ్చు వదిలే ముందు, పెదాలు కదిలీ కదలనట్టు, "వెళ్దామా" అన్నాడు.

పొద్దున ఇంటిముందు కూడా అన్నాడు అలాగే. వదిన "పద పద" అంది, ఇద్దరూ తమని అడిగాడనే అనుకున్నారు. ఇప్పుడు వదిన నిద్రలో ఉంది, ఆయన ఎవరి వైపూ చూడలేదు. కారుని అడుగుతున్నాడు. కారుని అడిగి కదిలే మనుషులు ఊళ్ళో ఒక్క గురువు దగ్గరే తయారవుతారు. మార్కెట్ వెనక డ్రైవింగ్ నేర్పే బ్రేకుల బాబాయి. ఆమె జన్మ పోటీదారు. బండికి కూడా మర్యాద ఉండాలమ్మా, అడగందే కదపకూడదు అంటాడు, స్టూడెంట్లందరి చేతా ఆ ముక్క అనిపిస్తాడు, ఆమె దాన్ని ఎన్నిసార్లు వెక్కిరించిందో. బ్రేకుల బాబాయి కారులో అద్దానికి నిమ్మకాయ రంగు అట్టముక్క వేలాడుతుంది, కిటికీ తీస్తే వీధంతా నిమ్మవాసన. షిఫ్టు మారిందట, షిఫ్టు.

ఆ ఒక్క పోగు లాగేసరికి మొత్తం ఊడి వచ్చింది. మంచినీళ్ళ గ్లాసు మంచానికి కుడివైపుకి ఎప్పుడు మారింది? గాలి తగలడం లేదని ఆయన మంచంలో ఎడంపక్కకి ఎందుకొచ్చాడు? స్టవ్వు పక్కన ఎడమవైపు ఉండే నూనె డబ్బా పై అరలోకి ఎలా ఎక్కింది? రోడ్డు మీద నడిస్తే ఆయన ఎప్పుడూ ఆమెకి కుడిపక్కన ఉండేవాడు, కుడిచెవికే ఆయన గొంతు అలవాటు. కొన్నాళ్ళుగా ఎడంపక్కకి వచ్చాడు, ఆయన చెవి ఏదో తేడా చేసిందనుకుని జాలిపడింది కూడా. ఇల్లు ఇల్లంతా చప్పుడు చెయ్యకుండా కుడివైపుకి జరిగిపోతుంటే తను మెడనొప్పి నటిస్తూ ఆ ఇంట్లోనే తిరిగింది. కోపం వచ్చింది, పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుంటే చుట్టూ నిలబడి చూశారన్నంత కోపం. అది వచ్చిన తోవనే, ఎండలోంచి నీడలోకి కారు వెళ్ళినట్టు, చల్లబడింది. చింతచెట్ల నీడ. రోడ్డు మీద వెలుగు చిల్లులు. ఆయనకి తెలుసు. ఇంక చెప్పక్కర్లేదు. అంతే కదా. తెలిసినవాళ్ళకి చెప్పేదేముంది. ఆయన గ్లాసులు జరుపుతూ ఉంటాడు, తను చూడనట్టు తాగుతూ ఉంటుంది, ఇలాగే మెల్లగా, ఎడంపక్క బాతులు, ఎడంపక్క పొగ, హాయిగా, ముసలివాళ్ళయ్యేదాకా. నిద్ర ముంచుకొస్తోంది. సోమవారం. ఆ లెక్కల టీచరు పక్కన ఆయన ఉండడు. ఎడంపక్క అని ఎవరూ అనరు. బన్ను. చక్కెర. ఆమె కళ్ళు తెరిచింది.

"వచ్చేశాం," అన్నాడు ఆయన.

బొమ్మలో కంటే చిన్నది. పసుపు వెలిసి మీగడ రంగయింది, వసారా ఉంది, వసారాలో కుర్చీ ఉంది, కుర్చీ చుట్టూ తాడు కట్టారు, బడిపిల్లలు తాడు మీద గడ్డాలు ఆన్చి చూస్తున్నారు. వెనక నది ఉన్నట్టు వెలుగుని బట్టి తెలుస్తోంది. ఇంతేనా అనిపించలేదు ఆమెకి. ఇన్నాళ్ళూ వాళ్ళ కుక్కపిల్లలూ, సున్నాలూ, చెప్పని మాటలూ అన్నీ ఈ ఇంట్లోనే కదా దాచింది. అన్నీ ఆ పెంకుల కింద పట్టాయంటే పెద్దదే.

కార్లు పెట్టే చోట ఒకటే ఖాళీ ఉంది. కుడిపక్క స్కూలు బస్సు, ఎడంపక్క కాంపౌండు గోడ. ఆయన కారు ఏటవాలుగా తిప్పాడు, వెనక్కి తీశాడు, మళ్ళీ ముందుకొచ్చాడు, బస్సుకి దూరంగా జరిగాడు, ఆగాడు. స్టీరింగ్ మీద చేతులు అలాగే ఉంచి, ఎదురుగా చూస్తూ, ప్రపంచంలో ఏ డ్రైవరైనా పక్కనున్నవాళ్ళని అడిగే మాటే అడిగాడు.

"ఎడం పక్క ఎంతుంది?"

తల తిప్పితే కనబడుతుంది. ఒక్క తిప్పు. చాలా ఉంది రండి అనొచ్చు, మెడ రుద్దుకోవచ్చు. ఆయన తల తిప్పలేదు, సాయం చెయ్యలేదు. పొద్దున్నుంచీ పక్కనున్న ప్రతి బాతునీ చెప్పిన మనిషి ఈ గోడ ఒక్కటి చెప్పకుండా ఆగాడు. ఇంజను తిరుగుతోంది. బడిపిల్లలు ఎందుకో నవ్వారు.

"నాకు కనబట్టం లేదు," అంది ఆమె.

ఆయన హ్యాండ్ బ్రేకు వేశాడు.

"ఈ గోడొక్కటే కాదండీ. ఎడమవైపు అంచు పోయింది. డాక్టరు కారు వద్దన్నాడు, నేనే ఆపలేదు. మొన్న ఒక పసివాడు అడ్డమొస్తే స్టూడెంటు ఆపింది, నేను కాదు. నా కాలు కదల్లేదు." గొంతు తనదే, మాటలు వేరే కారులోంచి వినబడుతున్నట్టున్నాయి. "సోమవారం వచ్చే ఆవిడని బ్రేకుల బాబాయి దగ్గరికి పంపించేద్దాం. ఎలాగూ మీకు పరిచయమే కదా."

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "ఎలా తెలిసింది?"

"బండిని అడుగుతున్నారు."

వెనక సీట్లో నారింజ తొక్కలు కదిలాయి. "చెప్పేసిందా?" అంది వదిన నిద్రగొంతుతో. "అమ్మయ్య. ఎవరైనా చూస్తారని ఆ బాబాయి కారు కిటికీ తియ్యనే లేదు కదరా నువ్వు, ఆ నిమ్మవాసన చొక్కాలు ఉతకలేక చచ్చాను." తొక్కలు దులుపుకుంటూ, "అయితే ఇప్పట్నుంచి పని ఎగ్గొట్టాలంటే ఏమనాలి మనం?"

"ఇంకో ప్రెసిడెంటుని చూసుకోవాలక్కా," అన్నాడు ఆయన.  ఆమె వైపు తిరిగి అన్నాడు. "సరే, కళ్ళొద్దు. చెయ్యి పెట్టి చూసి చెప్పు."

ఆమె కిటికీ దించి చెయ్యి బయటికి చాపింది. గాలి. ఇంకా గాలి. "రండి," అంది. కారు గోరంత జరిగింది. "రండి. రండి. మెల్లగా." మెల్లగా అని ఈయనకి చెప్పాలా. వేళ్ళకి గోడ తగిలింది, ఎండకి కాగి, గరుగ్గా, పెచ్చులూడిన సున్నం పొడిపొడిగా. ఆమె వేళ్ళు చాపి జానతో కొలిచింది. "చాలు. జానెడుంది." కారు ఆగింది. కాలు కింద రబ్బరు చాప మీద ఉన్నచోటే ఉంది, దాని ఊసే ఎవరికీ రాలేదు.

"పరీక్షలో ఫెయిలయ్యారు," అంది. "ప్యాసింజరు దిగడానికి చోటేది?"

జానెడు సందులో తలుపు తెరుచుకోదు. ఆయన తాళం అలాగే వదిలి, తన వైపు దిగి నిలబడ్డాడు. వదిన బస్సు వైపు దిగి, నడుం పట్టుకుని, సంచీలోంచి గుడ్లు తీసి లెక్క చూసుకుంటోంది. ఆమె చీర ఎగదోసుకుని, గేరు రాడ్డు దాటి, డ్రైవరు సీట్లోకి జరిగింది. సీటు ఆయన వెచ్చదనంతో ఉంది. స్టీరింగ్ మీద చేతులు వాటంతట అవే వెళ్ళి వాటి చోట్లలో కూర్చున్నాయి. అద్దంలో వసారా, తాడు, ఖాళీ కుర్చీ. పిల్లలు వెళ్ళిపోయారు. ఒక్క క్షణం అలాగే ఉంది. అద్దాలు మూడూ చూసింది, వరసగా, తను నేర్పే పద్ధతిలో. తర్వాత తాళం తిప్పి తీసి, దిగి, దాన్ని ఆయన చేతిలో పెట్టింది.

ఆయన తాళం జేబులో వేసుకుని, ఆమె వెనకనుంచి చుట్టూ తిరిగి వచ్చి, ఆమెకి ఎడంపక్కన నిలబడ్డాడు.

"వెళ్దామా?" అన్నాడు.

ఈసారి బండిని కాదు.